ఆరని గచ్చు

మా ఇంటి మట్టి నేలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. ఎక్కడెక్కడి పేడో ఎత్తుకొచ్చి అలకాలి, అలికిన చేతులతోనే బడికి పరుగెత్తాలి. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో ఆ వాసన వదిలేది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పటికి ఇళ్ళు ఎడంఎడంగా, మధ్యలో చేలతో ఉండేవి. మా చుట్టుపక్కల అందరికీ షాబాద్ బండలైనా సిమెంటు గచ్చైనా ఉండేది. మాకొక్కరికే మట్టి. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఇక్కడ నాలుగు గోడలు లేపుకున్నదే గొప్ప అని సర్దుకున్న మనుషులం మేం ముగ్గురం: నాయన, నాయనమ్మ, నేను. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయన రోడ్ల శాఖ గోదాములో కూలీల మీద జమేదారు.

నేల గురించి నాయనకు ఉన్న బాధ వేరు. మా చర్చి వాళ్ళు వారానికి ఒకరింట్లో ప్రార్థన కూటం పెట్టుకునేవారు. మా వంతు వచ్చినప్పుడల్లా పాస్టరుగారు చాలా మర్యాదగా, "మీ ఇల్లు కొంచెం దూరం కదా, ఈసారి వేరే ఇంట్లో కూడుకుందాం" అనేవారు. దూరమూ లేదు, గీరమూ లేదు. ఆడవాళ్ళ తెల్లచీరలకు మా మట్టి అంటుతుందని. నాయన అక్కడ తల ఊపి వచ్చేవాడు. ఇంటికొచ్చాక అన్నం సగంలో వదిలి లేచేవాడు.

తెలంగాణ కోసం గొడవలు మొదలైన ఏడాది అది. బళ్ళు మూతబడ్డాయి, బస్సులు నడిస్తే నడిచినట్టు లేకపోతే లేనట్టు. ఊరంతా అట్లా ఉన్నప్పుడు నాయనకు సిమెంటు కొనుక్కునే సర్కారు పర్మిట్టు దొరికింది. పై అధికారి ఎవరో దయతలిచాడట. "ఇంక మన ఇల్లు దూరం కాదు" అన్నాడు నాయన, సంచులు దింపుతూ.

ఏ గచ్చు వేయాలన్న దగ్గర ఇంట్లో పంచాయితీ. నాయనకు ఎర్ర గచ్చు కావాలి: సిమెంటు, ఇసుక కలిపిన మాలు పరిచి, పైన ఎర్రరంగు సిమెంటుతో నున్నగా పాలిష్ పట్టాలి. నాకు షాబాద్ బండలు చాలు. పరిచిన మర్నాడే నడవొచ్చు, గొడవ వదిలిపోతుంది. నాయనమ్మకు మాత్రం సున్నం గచ్చు కావాలి, అదీ ఆమె ఎరిగిన పద్ధతిలో.

"సిమెంటంటే బూడిద" అంది. "సున్నంల సుర్కీ, గదే ఇటుకపొడి, కలపాలె, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పొయ్యాలె, నెల పొద్దులు కట్టెతో కొట్టాలె. గప్పుడైతది గచ్చు."

ఆమె మాట ఉత్త మాట కాదు. పడుచుతనంలో మా ఊరి దొర గడీకి గచ్చు కొట్టిన ఆడవాళ్ళలో ఆమె ఒకతి. వరసగా గొంతుక్కూర్చుని చెక్కలతో కొట్టీ కొట్టీ ఆమె కుడి మణికట్టు వంకర తిరిగింది. ఆ గచ్చు నున్నదనం గురించి, అందులో దీపం నీడ కనబడడం గురించి ఆమె చెప్పుకుంటూ పోయేది. దీపం ఎప్పుడు చూశావని నేనొకసారి అడిగితే, కిటికీలోంచి అంది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

నాయన ఎవరి మాటా వినలేదు. ఎర్ర గచ్చే ఖాయం.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నా పరేషానీ మీకు అర్థం కాదు. మూసీ అవతలి పెద్ద దవాఖానలో నాకు నర్సు ట్రైనింగ్ సీటు వచ్చింది. సోమవారం పొద్దున పది గంటల లోపు వచ్చి నిలబడాలి, రానివాళ్ళ సీటు వెనక నిలబడ్డవాళ్ళకు ఇచ్చేస్తామని అక్కడి పెద్ద సిస్టరు ముఖం మీదే చెప్పింది. ఊళ్ళో గొడవలు కదా సిస్టర్, అంటే, గొడవలు కాబట్టే నర్సులు కావాలి, అంది. నాకు ఆ ఇల్లు వదలాలని ఎంత ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నాయన మంచివాడే, నాయనమ్మ ప్రాణమే, కానీ ఆ రెండు గదుల్లో అలుకుతూ, వండుతూ, ఒకరోజు ఎవరింటికో పోయి అక్కడ అలుకుతూ బతకడం తలుచుకుంటే నాకు ఊపిరాడేది కాదు. హాస్టలు మంచం, తెల్లబట్టలు, నెల తిరిగితే నా చేతికి నా జీతం. అంతకన్నా పెద్ద కోరికలు నాకు లేవు. అది పోతే నాకు ఇంకోటి లేదు.

సిమెంటు ఒక్క గదికే వస్తుంది కాబట్టి ముందు గది పాత నేల తవ్వి పోశాం. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న వైపు అప్పుడంతా బీడు. అక్కడి గుట్టల కింది నుంచి ఎడ్లబండి మీద మొరం తెప్పించాడు నాయన. దాన్ని పరిచి, తడిపి, బరువైన దిమ్మిసతో కుదేయాలి. నాయన పనికి పోయినప్పుడు నేనూ నాయనమ్మా కుదేశాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. నాయనమ్మ మాత్రం ఆ దుమ్ములో పడుచుపిల్లలా తిరిగింది. ఒంగి చెవి నేలకు ఆనించి, "ఇక్కడ బోలుగున్నది, ఇంకోసారి కొట్టు" అనేది. నాకు తిక్క రేగేది. మనింటికేనా నాయనమ్మా, దొరింటికా, అనేదాన్ని. "మనింటికి కాబట్టే" అనేది.

మేస్త్రిది గుంటూరు వైపు. మంచి పనివాడని పేరు. కానీ ఆయనకు భయం పట్టుకుంది. శనివారం పొద్దున్నే వచ్చి, "ఇవాళే పోసేద్దామండి. సాయంత్రం లారీ దొరికితే మా ఊరెళ్ళిపోతాను. మావాళ్ళని కొడుతున్నారంటున్నారు, ఇక్కడ ఉండలేనండి" అన్నాడు. సోమవారం నేను పోవాలి, గచ్చు తర్వాత పోయిద్దాంలే అంటే మేస్త్రి ఉండడు. అందుకే శనివారమే అనుకున్నాం.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి. ముందు గది, దాని వెనక ఇంకో గది, ఆ వెనక చిన్న దొడ్డి. వీధిలోకి తోవ ముందు గదిలోంచే. దొడ్డికి ఒక పక్క బియ్యం గోదాము, కిటికీ కూడా లేని ఎత్తు గోడ. ఇంకో పక్క కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాగారి ఇల్లు. గొడవలు ముదిరాక వాళ్ళు ముందూ వెనకా తాళాలు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ గోడ దూకితే ఇంకో బోనులో పడడమే. దొడ్డి వెనక రాళ్ళు కొట్టి వదిలేసిన క్వారీ గుంట, నిండా పచ్చనీళ్ళు.

మేస్త్రి మా వెనక గది గడప దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ, మాలు పరిచి బద్దతో సాపు చేస్తూ, పైన ఎర్రరంగు రుద్దుతూ వీధి గుమ్మంలోంచి బయటికి నడిచాడు. పొయ్యి, నీళ్ళు వెనకే కాబట్టి నేనూ నాయనమ్మా వెనక గదిలో ఉండిపోయాం. నాయన బయట అరుగు మీద. ఒక్కరాత్రే కదా అనుకున్నాం.

"రేపు పొద్దునకల్లా రాయైపోద్దండి. మెల్లిగా నడవొచ్చు. తడుపుతూ మాత్రం ఉండండి" అని చెప్పి, తన తాపీలూ పలకలూ మూట కట్టుకుని మేస్త్రి వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరిగే ముందు ఒకసారి ఆగి గచ్చు వైపు చూసుకున్నాడు.

సాయంత్రం కాకముందే పోలీసు జీపు మైకులో కర్ఫ్యూ అని చెబుతూ పోయింది.

ఆదివారం పొద్దున లేచి గడప దగ్గర కూర్చుని వేలు పెట్టి చూశాను. పైన పలుచటి పొర కట్టింది, కింద మెత్తగా ఉంది. మధ్యాహ్నానికీ అంతే. నాయన వీధి గుమ్మం నుంచి వేలు పెట్టి చూశాడు. అక్కడా అంతే. ఒక గదంత దూరంలో వీధి కనబడుతుంది, ఎండ కనబడుతుంది, నాయన సైకిల్ కనబడుతుంది. పోవడానికి లేదు. మంచం వేద్దామంటే కోళ్ళు దిగిపోతాయి, పలక ముక్క ఇంట్లో లేదు. కిటికీలకు ఊచలు నాయనే ఆ ఎండాకాలం వేయించాడు, దొంగల భయమని. ఎంత ముందుచూపో.

నాయన పని మాకంటే కనాకష్టంగా ఉంది. జీపు చప్పుడైనప్పుడల్లా అరుగు మీద ఉండడానికి లేదు, లోపలికి కాలు పెట్టడానికి లేదు. గడప మీద రెండు కాళ్ళూ దగ్గరపెట్టుకుని, తలుపు రెక్క చాటున కొంగలా నిలబడేవాడు. నేను రొట్టెలు గుడ్డలో మూటగట్టి ఇటు నుంచి అటు విసిరేదాన్ని. ఒక మూట గురితప్పి గచ్చు మధ్యలో పడింది. ఆ ఎర్రటి నున్నదనం మీద ఆ మూట అట్లాగే ఉండిపోయింది. నాయన దాన్ని చూస్తూ ఆకలితో కూర్చున్నాడు కానీ, దానికోసం కాలు పెట్టలేదు. ఆ గచ్చంటే ఆయనకు అంత.

ఆరోజు మా ప్రార్థన కూడా అట్లాగే జరిగింది. అటు నుంచి నాయన, ఇటు నుంచి నాయనమ్మ, మధ్యలో గచ్చు. నేను కళ్ళు మూసుకుని రేపటికి ఇది గట్టిపడాలి అని తప్ప ఇంకేమీ అడగలేదు. కళ్ళు తెరిచి వేలు పెట్టి చూశాను. మెత్తగానే ఉంది.

నాయనకు కోపం మేస్త్రి మీదికి పోయింది. "మోసం చేసిండు. సిమెంటు మింగి ఇసుక పోసిండు. పోయేటోడు కదా, ఆనికేంది." ఎదురింటాయన తన గుమ్మంలోంచి ఇది విన్నాడు. గొడవల్లో బాగా తిరిగే మనిషి. "ఏ లారీల పోయిండో చెప్పు అన్నా. గుంటూరు తొవ్వల అబ్దుల్లాపూర్‌మెట్ కాడ మనోళ్ళు లారీలాపుతున్నరు. ఇంకా అక్కడ్నే ఆగిపోయుంటడు" అన్నాడు.

నాయన నోరు తెరవబోయాడు. నేను గడప మీద కూర్చుని గచ్చునే చూస్తున్నాను. గోడ వారన, మాలు కలపడానికి నీళ్ళ పీపా పెట్టిన చోటు నుంచి, ఎర్రచీమలు బారు కట్టి గచ్చు మీదికి ఎక్కుతున్నాయి. వాటికి కర్ఫ్యూ లేదు.

"నాయినా, గచ్చు మీద చీమలెందుకొచ్చినయి?" అన్నాను.

నాయన ఒంగి చూశాడు. నా వెనక నాయనమ్మ లేచి నిలబడింది.

"ఆ మేస్త్రిని ఏమనకు కొడకా" అంది. "నేనే పోసిన. బెల్లం, కరక్కాయ నానబెట్టి, ఆయన చూడకుంట పీపాల కలిపిన. గట్టిగైతదనే పోసిన."

నాయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అవ్వా, సిమెంటుల బెల్లమా? మా గోదాంల చక్కెర పడ్డ నీళ్ళు గూడ సిమెంటు కాడికి రానియ్యరు. బెల్లం తగిల్తే అది పట్టది. వారమో, పది దినాలో."

ఎదురింటాయన నవ్వుతూ లోపలికి పోయాడు. నాకు నవ్వు రాలేదు. పది రోజులు. నేను నాయనమ్మ మీద విరుచుకుపడ్డాను. నీ గడీ, నీ గచ్చు, నీ బెల్లం, నా బతుకు గంగలో కలిపావు, అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె దొడ్డిలోకి పోయి, వంకర చేతిని ఒళ్ళో పెట్టుకుని, గోదాము గోడకేసి చూస్తూ కూర్చుంది. నేను గదిలో నాలుగు గోడల మధ్య అటూ ఇటూ తిరిగాను. నా పెట్టె సర్ది ఉంది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది, ఏడిచాను.

సోమవారం పొద్దున మైకు మళ్ళీ వచ్చింది. ఎనిమిది నుంచి పది వరకు కర్ఫ్యూ సడలింపు. వీధిలో ఒక్కసారిగా మనుషుల చప్పుడు, పాలవాళ్ళు, గిన్నెలు. నేను తెల్లచీర కట్టుకుని, పెట్టె పట్టుకుని గడప మీద నిలబడ్డాను. అటు గడప మీద నాయన.

"నాయినా, నేను నడిచొస్తా" అన్నాను.

ఆయన గచ్చు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూడకుండా, "జర ఆగు బిడ్డా. రోడ్డు మీద ఏమైతదో తెల్వది. సీటు వచ్చేఏడు గూడ ఒస్తది" అన్నాడు.

"రాదు."

"వచ్చే ఆదివారం ప్రార్థనకు అందరినీ పిలిచిన" అన్నాడు. అది ఆజ్ఞలా లేదు, బతిమాలుతున్నట్టుంది. అదే నన్ను కట్టేసింది. తిడితే నేను దూకేసేదాన్ని. కాలు ఎత్తాను, మళ్ళీ గడప మీదే పెట్టాను. అంత కోపం, అంత తెగువ ఉన్నదాన్ననుకున్నాను, ఆయన ముఖం చూసి నా కాలు రాలేదు. వీధిలో ఎవరో టైమెంతయింది అని అడుగుతున్నారు. పోయింది, నా పని అయిపోయింది అనుకున్నాను.

నా భుజం పక్క నుంచి నాయనమ్మ వచ్చింది. చీర మోకాళ్ళ దాకా ఎగజెక్కుకుంది. నన్ను పక్కకు జరిపి, గడప దిగి, గచ్చులో కాలు పెట్టింది. వేళ్ళు, మడమ, పాదమంతా దిగింది. ఇంకో అడుగు వేసింది.

"అవ్వా" అన్నాడు నాయన.

ఆమె ఆగలేదు. వెనక్కి తిరగకుండానే నాతో, "నా అడుగులల్ల అడుగెయ్యి బిడ్డా. గచ్చుకు ఒక్క తొవ్వ చాలు, రెండెందుకు" అంది.

నేను పెట్టె నెత్తిన పెట్టుకుని ఆమె అడుగుల్లో అడుగు వేశాను. చల్లగా, కొంచెం మంటగా ఉంది. గది మధ్యకు వచ్చాక నాయనమ్మ ఆగింది, రొట్టెల మూట పక్కన. ఒకసారి చుట్టూ చూసింది, గోడలు, కప్పు, కింద ఎరుపు.

"గడీల కొట్టిన గచ్చు ఎండినంక మమ్ముల ఒక్కనాడు ఎక్కనియ్యలే" అంది నాయనతో. కోపంగా కాదు, ఇవాళ ఎండ ఎక్కువుంది అన్నట్టు. "చేసినోళ్ళం బయట నిలబడి కిటికీలకెళ్ళి చూసినం. ఇది నా కొడుకు గచ్చు. ఎండకముందే ఎక్కుత. పిల్లను గూడ తీస్కపోత."

ఆమె నడిచింది, నేను నడిచాను. గుమ్మం దగ్గరకు రాగానే ఆయన చేయి చాచి ముందు ఆమెను, తర్వాత నన్ను ఇవతలికి లాగాడు. అరుగు మీద బిందె ఉంది. వంగి, ఆమె పాదాల మీద నీళ్ళు పోసి, వేళ్ళ సందుల్లో సిమెంటు తన చేత్తో కడిగాడు. సిమెంటు చర్మాన్ని తింటుందని ఆయనకు తెలుసు. నా కాళ్ళకు టైము లేదు.

"సైకిలెక్కు" అన్నాడు.

మూసారాంబాగ్ దగ్గర పోలీసులు ఆపారు. నాయన దవాఖాన అన్నాడు, వాళ్ళు నా కాళ్ళ వైపు చూసి పోనిచ్చారు. దవాఖాన వరండాలోనూ అంతే. దెబ్బలు తగిలినవాళ్ళతో అది నిండిపోయి ఉంది. ఒక ఆయా నా రెక్క పట్టుకుని గాయాలవాళ్ళ బెంచీ మీద కూర్చోబెట్టబోయింది. ఎర్ర సిమెంటమ్మా, గాయం కాదు, నేను ట్రైనింగుకు వచ్చాను, అని ఆమెకు నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పెద్ద సిస్టరు గడియారం చూసింది, నా కాళ్ళు చూసింది. "కాళ్ళు కడుక్కుని వచ్చి వరసలో నిలబడు" అంది.

నాకు మొదటి సెలవు దొరికేసరికి గచ్చు రాయిలా అయింది. నాయన అన్నట్టే చాలా రోజులు పట్టిందట, కానీ పట్టాక మేకు దిగనంత గట్టిపడిందట. దాని గొప్ప కూడా నాయనమ్మ బెల్లానికే ఇచ్చుకుంది. గొడవలు సద్దుమణిగాక మేస్త్రి తిరిగొచ్చి, జరిగింది విని పొట్ట పట్టుకుని నవ్వి, "ఆ గుంటలు పూడ్చేస్తానండి, కనబడకుండా" అన్నాడట. నాయన వద్దన్నాడు. ప్రార్థన కూటం మా ఇంట్లో జరిగింది. పాస్టరుగారు ఆ అడుగుల పక్క నుంచి జాగ్రత్తగా నడిచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నాయనమ్మ గది మధ్యలో, తను ఆగిన చోట, కింద కూర్చుంది.

ఆమె పోయాక ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను చెప్పులు విప్పి ఆ అడుగుల్లో నిలబడ్డాను. ఆమె పాదం వెడల్పు, నాది సన్నం. నా పాదం చుట్టూ ఇంకా చోటు మిగిలింది. వెనక గడప నుంచి వీధి గుమ్మం దాకా వెతికాను. నేను కూడా నడిచానని చెప్పే గుర్తు ఆ గచ్చులో ఒక్కటి లేదు. అన్నీ ఆమెవే.